డేఢ్ పావ్ తెలిసిన పిల్లవాడికి భిన్నాలు రావా?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బీద విద్యార్థులకు చదువు మీద ఆసక్తి ఎలా కలిగించాలి అనే విషయమై నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు కోరారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. పెద్ద సిద్ధాంతాలు మా దగ్గర లేవు. తరగతిలో రోజూ చూసేదీ, చేసేదీ చెప్పగలం.

మొదట ఒక లెక్క. మన దేశంలో 6 నుండి 14 ఏళ్ళలోపు ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికి పోనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తన నివేదికలో తెలియజేసింది. ఆ తరువాత 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైంది. ఆ వయసు పిల్లలందరికీ ఉచిత విద్య హక్కు అయింది. మంచిదే. కాని రిజిస్టరులో పేరు ఉండడం వేరు, పాఠంలో మనసు ఉండడం వేరు. ఏడో తరగతి దాటాక కనబడకుండా పోయే పిల్లవాడు ఒక్కరోజులో బడి మానడు. ముందు వినడం మానేస్తాడు, తరువాత అడగడం మానేస్తాడు, ఆఖరున రావడం మానేస్తాడు. కాబట్టి అతణ్ణి ఆపవలసిన చోటు బడి గేటు కాదు, తరగతి గది.

"వాడికి చదువు ఎక్కదండీ, ఏదైనా పనిలో పెడదాం" అనే మాట మనందరం వింటూనే ఉంటాం. ఈ మాట ఎంతవరకు నిజమో చూద్దాం. ఆ పిల్లవాణ్ణే మాంసం దుకాణానికి పంపండి. డేఢ్ పావ్ తెమ్మంటే ఎంత తేవాలో, ఎంత చిల్లర రావాలో వాడికి తెలుసు. సవా కిలో అన్నా, పౌనే దో అన్నా, ఢాయీ అన్నా తడుముకోడు. పావు అంటే నాలుగో వంతు; డేఢ్ పావ్ అంటే ఆ పావుకు ఇంకో అర పావు కలిపితే 375 గ్రాములు, అనగా కిలోలో ఎనిమిదింట మూడు వంతులు. పెద్దవాళ్ళు కూడా కాగితం మీద వేసి చూసుకునే భిన్నం ఇది! బజారులో ఇంత తెలిసినవాడు బడిలో "మూడు బై ఎనిమిది" అనగానే ఎందుకు బిక్కమొహం వేస్తాడు? వాడికి తెలిసినదానికీ మనం చెప్పేదానికీ మధ్య వంతెన లేదు గనుక. ఆ వంతెన వేయడమే ఉపాధ్యాయుడి పని.

అందుకని మేము భిన్నాల పాఠం పుస్తకంతో కాకుండా తక్కెడతో మొదలుపెడతాం. ఒక తక్కెడ, కాస్త ఇసుక, పాత తూకపు రాళ్ళు ఉంటే చాలు. ఒకడు దుకాణదారు, మిగతావాళ్ళు గిరాకీలు. అరగంట బేరమాడిన తరువాత, వాళ్ళు నోటితో అన్నదాన్నే బోర్డు మీద అంకెల్లో రాస్తాం. "అరే సర్, ఇదేనా!" అంటారు. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా.

శాతాలకు ఇంకో దారి. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు ఎన్నో ఇళ్ళలో తల్లులు బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల మీద. కట్టకు 25 చొప్పున వెయ్యికి 40 కట్టలు. అందులో రెండు కట్టలు పనికిరావని పక్కన పెడితే ఎన్ని పోయినట్టు? 50 బీడీలు. వెయ్యికి 50 అంటే నూటికి 5. ఈ లెక్క చేసిన రోజున, ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సర్, మా అమ్మకు ఎంత కోశారో నేను చూస్తాను" అన్నది. ఆ నెల నుండి తల్లి కూలి లెక్క ఆ అమ్మాయే చూస్తున్నది. శాతం అన్నది పరీక్షలో మార్కుల కోసం వచ్చిన మాట కాదనీ, తన ఇంటి అన్నానికి సంబంధించిన మాట అనీ ఆ పిల్లకు తెలిసింది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. "బడిలో కూడా బీడీల లెక్కలూ, మెకానిక్ షెడ్డు పానాల లెక్కలూ చెప్తే, పిల్లల్ని మళ్ళీ ఆ పనిలోకే నెట్టినట్టు కాదా?" న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. మేము పిల్లలకు ఆ పని నేర్పడం లేదు, ఆ పనిలో ఉన్న తెలివిని చూపిస్తున్నాం. తండ్రి వృత్తిని చూసి సిగ్గుపడే పిల్లవాడు బడిలో తలెత్తి కూర్చోలేడు. మా నాన్నకు తెలిసింది కూడా విద్యే అని తెలిసినవాడు ఇంకా తెలుసుకోవాలనుకుంటాడు. హైదరాబాదులో 1897లో జన్మించి, తరువాత మన దేశానికి రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు 1937లో వార్ధా విద్యా ప్రణాళిక కమిటీకి అధ్యక్షులుగా ఉన్నారు. చేతి పనినీ చదువునూ విడదీయరాదన్నదే ఆ ప్రణాళిక సారం. అది దేశమంతటా నిలవలేదు గాని, అందులోని మాట పాతబడలేదు.

ఇక భాష సంగతి. ఉర్దూ మీడియం గనుక మాతృభాషలోనే చెప్తున్నాం అనుకుంటాం. కాని మన పిల్లలు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. ఇంట్లో "కైకు" అన్న పిల్లవాడికి పుస్తకంలో "క్యోం" కనబడుతుంది, వీధిలో "ఎందుకు" వినబడుతుంది. "నక్కో" అన్నందుకు తరగతిలో అందరూ నవ్వితే ఆ రోజుతో వాడి నోరు మూతపడుతుంది. మేము బోర్డు మీద మూడు గళ్ళు గీస్తాం. మొదటి గడిలో ఇంటి మాట, రెండో గడిలో పుస్తకం మాట, మూడో గడిలో తెలుగు మాట. ఇంటి మాటను కొట్టివేయం, దాని పక్కన ఇంకో రెండు మాటలు చేరుస్తాం. 1591లో హైదరాబాద్ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలోనే కవిత్వం చెప్పారని కూడా చెప్తాం. పిల్లల వీపులు నిటారుగా అవుతాయి. తెలుగు కూడా ఇలా ఆటలాగా వస్తే, రేపు దరఖాస్తు రాయడానికి ఇంకొకరి కాళ్ళు పట్టుకోనక్కరలేదు.

ఖర్చు లేని మరొక పద్ధతి – ఆగడం. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి జవాబు కోసం సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970వ దశకంలో పరిశీలించి చెప్పారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, వెనుకబడినవారు కూడా మాట్లాడతారు. మన తరగతిలో ఇది ఇంకా అవసరం. ప్రశ్నను మనసులో దక్కనీలోకి మార్చుకుని, జవాబును మళ్ళీ పుస్తకం ఉర్దూలోకి మార్చుకోవలసిన పిల్లవాడికి ఒక్క సెకను ఏం సరిపోతుంది? మేము ప్రశ్న అడిగి మనసులో ఐదు లెక్కపెడతాం. ముందు బెంచీ చేతులు లేచినా తొందరపడం. మూడో అంకె దగ్గర వెనుక బెంచీలో ఒక చేయి కదులుతుంది.

కొట్టడం, తిట్టడం గురించి ఒక్క మాట. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను దేహదండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, ఇంట్లో కష్టం, ఆకలి చూసి వచ్చిన పిల్లవాడికి బడిలో కూడా భయమే దొరికితే వాడు మూడో చోటు వెతుక్కుంటాడు.

పెద్దలారా! మన సంఘం ఏటా నోటు పుస్తకాలు, స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది. సంతోషం. దానితోబాటు మూడు పనులు చేయమని మనవి. మొదటిది, రాత్రిపూట పిల్లలు కూర్చుని చదువుకునేందుకు ఒక గది, ఒక దీపం. రెండవది, తల్లుల సమావేశం పగలు పని వేళ కాక వారికి వీలైన వేళ పెట్టడం. వచ్చిన తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టడం. మూడవది, ఈ వేదిక మీద ఫస్టు వచ్చినవారికే గాక, పోయిన ఏడు సగం రోజులు కూడా రాక ఈ ఏడు రోజూ వచ్చినవాడికి కూడా ఒక బహుమతి.

డబ్బుతో పిల్లవాణ్ణి బడి దాకా తీసుకురావచ్చు. కూర్చోబెట్టేది మాత్రం పాఠమే. నలభై నిమిషాల పీరియడులో "నాకు కూడా వస్తుంది" అని ఒక్కసారి అనిపిస్తే, వాడు రేపు మళ్ళీ వస్తాడు. రేపు వచ్చేటట్టు ఈ రోజు చెప్పడమే మా వృత్తి.