మాత్రలు ఎప్పుడు ఆపవలెను?



కొంతకాలము క్రిందట మన సంఘపు ఉపాధ్యాయిని ఒకరు ఆరాధన ముగిసిన పిదప నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఒంట్లో బాగున్నది. ప్రార్థనచేత నయమైనది గదా, ఇంక మాత్రలెందుకని ఇంట్లోవారు అంటున్నారు. మానివేయనా?" అని అడిగినారు. ఆమెది ఆంకా వాస్క్యులైటిస్ అను అరుదైన జబ్బు. మనలను కాపాడవలసిన రోగనిరోధక శక్తియే చిన్న రక్తనాళములపై తిరుగబడి, వాటిని వాచజేసి, మూత్రపిండములను పాడుచేయును. నేను వైద్యుడను కాను. తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించినది మీ ముందుంచుచున్నాను.

పూర్వము ఈ జబ్బు వచ్చినవారిలో అత్యధికులు ఏడాది తిరుగకుండనే చనిపోయేవారు. 1970లలో అమెరికాలో ఆంథొనీ ఫౌచీ మొదలైన వైద్యులు సైక్లోఫాస్ఫమైడ్, స్టెరాయిడ్ కలిపి ఇచ్చి అనేకుల ప్రాణములు నిలిపినారు. కాని సైక్లోఫాస్ఫమైడ్ దీర్ఘకాలము వాడినచో మూత్రాశయపు క్యాన్సరు, సంతానలేమి కలుగు ప్రమాదమున్నది. అందుచేత యూరపు వైద్యులు 155 మందితో ఒక పరిశోధన ఆరంభించి, జబ్బు అణగిన తరువాత కొందరికి అదే మందు కొనసాగించి, కొందరికి అజాథయోప్రిన్ ఇచ్చి చూచినారు. 2003లో ప్రచురించిన ఫలితములో, జబ్బు తిరుగబెట్టుటయందు చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

మరి ఎంతకాలము వాడవలెను? రిమైన్ అను పరిశోధన ఈ ప్రశ్ననే తీసికొన్నది. అందులోని 117 మందిని చీట్లు వేసినట్లు రెండు గుంపులు చేసినారు. 2017లో ఫలితము వెలువడినది. రెండేండ్లకు మందు ఆపినవారిలో 63 శాతమునకు, నాలుగేండ్లు వాడినవారిలో 22 శాతమునకు జబ్బు తిరిగి వచ్చినది. వాడినవారిలో మూత్రపిండములు పూర్తిగా చెడినవారు ఒక్కరును లేరు, ఆపినవారిలో కొందరున్నారు. అయితే మందువలన కీడు వాడినవారిలోనే ఎక్కువ. రక్తపరీక్షలో ఆంకా ఇంకను కనబడువారికి జబ్బు తిరుగబెట్టు ముప్పు అధికమనియు తేలినది. కనుక ఎవరికి ఎంతకాలమో వైద్యుడు పరీక్షించియే చెప్పవలెను.

అరుదైన జబ్బుకు ఒక ఊరి రోగులు చాలరు. పలు దేశములవారు, తమ చీటి ఏ గుంపులో పడునో తెలియకయే సమ్మతించినారు. మందు ఆపి మరల జబ్బుపడినవారి నష్టమువలన నేడు మనకు ఈ తెలివి కలిగినది. వారికి మనము ఋణపడియున్నాము.

నేను ఆ సహోదరితో, "అమ్మా, దేవునికి స్తోత్రము చెల్లించండి, మాత్రయు వేసికొనండి. రెంటికిని విరోధము లేదు. మూత్రములో రక్తము కనబడినను, కాళ్లు వాచినను ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లండి" అన్నాను. ఆమె వైద్యుని యొద్దకు వెళ్లినారు. మోతాదు తగ్గినది గాని, మాత్ర ఆగలేదు. ఈనాటికిని బడికి వెళ్లి పాఠము చెప్పుచున్నారు.