2000 వోల్టుల ఈగల జాలీ: బ్యాట్ చురుక్కుమంటుంది, ప్లగ్గు ప్రాణం తీస్తుంది

ఇవాళ్టి ఎపిసోడ్ హనుమకొండలో నేను రోజూ ఇడ్లీ తినే టిఫిన్ సెంటర్‌లో మొదలైంది. వానాకాలం, ఎక్కడ చూసినా ఈగలే. ఓనర్ అన్న అడిగిండు: "తమ్మీ, బీటెక్ చదివినవు గదా. జాలీకి రెండు వైర్లు కట్టి డైరెక్ట్‌గా ప్లగ్గుల పెడితే అయిపోతది గదా?"

"అన్నా, ఆ పని మాత్రం చెయ్యకు" అన్నా. ఆయన కొడుక్కి ఆరేళ్లు. టేబుళ్ల మధ్యే తిరుగుతుంటాడు.

మీకూ డౌట్ రావచ్చు. దోమల బ్యాట్‌లో దాదాపు 2000 వోల్టులు, ప్లగ్గులో 230. మరి ఏది డేంజర్? చూడాల్సింది వెనకాల ఎంత కరెంటు ఉందని. బ్యాట్‌లో చిన్న బ్యాటరీ, ఒక ట్రాన్సిస్టర్, చిన్న ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజీని పెంచే డయోడ్లు, కెపాసిటర్లు ఉంటాయి. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో 2000 వోల్టుల దగ్గర నిల్వ ఉండేది 0.2 జౌల్ మాత్రమే. చురుక్కుమని ఒక దెబ్బ, అంతే. ప్లగ్గు అలా కాదు, ఇస్తూనే ఉంటుంది. తడి చేత్తో తాకితే ఒంట్లోంచి 100 మిల్లీ యాంపియర్లు పోవచ్చు. గుండె లయ తప్పడానికి అది చాలు. 16 యాంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, పడిపోదు. అడవి పందుల కోసం పొలం చుట్టూ పెట్టిన కరెంటు తీగకు రైతులే బలైన వార్తలు మన దగ్గర ఎన్ని చదవలేదు!

అందుకే పాత బ్యాట్ సర్క్యూట్ తీసుకున్నా. ప్లాస్టిక్ ఫ్రేమ్‌కి స్టీల్ తీగలు 4 మిల్లీమీటర్ల దూరంలో, ఒకటి ప్లస్, ఒకటి మైనస్‌గా కట్టా. ఈగ పొడవు 6, 7 మిల్లీమీటర్లు, రెండు తీగలకూ తగులుతుంది. ముందూ వెనకా వేలు దూరని ప్లాస్టిక్ జాలీ. లోపల బెల్లం నీళ్ల ఎర.

ఇక్కడే నేను తప్పు చేశా. స్విచ్ ఆఫ్ చేసి, జాలీ తీసి, తీగ సరిచేయబోయా. ఫట్! చెయ్యి గోడకు కొట్టుకుంది. స్విచ్ ఆఫ్ చేసినా కెపాసిటర్ ఖాళీ అవదు. ఛార్జ్‌ని దించే రెసిస్టర్ నా బ్యాట్‌లో లేదు. తర్వాత సిరీస్‌లో రెసిస్టర్లు కలిపి మొత్తం 10 మెగా ఓమ్స్ పెట్టా. ఇప్పుడు ఐదారు సెకన్లలో దిగిపోతుంది. ఒక్క హెచ్చరిక: పవర్ పెరుగుతుందని పెద్ద కెపాసిటర్ వేయకండి. కెమెరా ఫ్లాష్‌లోదైతే నిల్వ 30, 40 రెట్లు. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ జోలికి అసలే పోవద్దు, అది ప్రాణం తీస్తుంది.

మరి పని చేసిందా? చేసింది. కానీ ఈగ పేలినప్పుడు దాని తునకలు, వాటితో క్రిములు చుట్టూ ఎగురుతాయి. అందుకే ఇడ్లీ పాత్రల దగ్గర కాకుండా, వెనక చెత్తడబ్బా పక్కన, పిల్లాడికి అందనంత ఎత్తులో కట్టాం. చెత్తడబ్బాకు మూత కూడా పెట్టించా. నిజం చెప్పాలంటే, ఈగలు ఎక్కువగా తగ్గింది ఆ మూత వల్లే!

అన్న మళ్లీ ప్లగ్గు మాట ఎత్తలేదు. మీరూ ఎత్తొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.