పొటోసీ వెండికొండ

దక్షిణ అమెరికాలోని బొలీవియాలో, సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తున పొటోసీ అనే ఊరుంది. దాని పక్కనున్న ఎర్రటి కొండలో వెండి ఉందని 1545లో స్పెయిన్ వాళ్లకు తెలిసింది. అప్పటినుంచి ఆ ప్రాంతం తలరాతే మారిపోయింది.

గనుల్లోకి దిగే మనుషుల కోసం 1570వ దశకంలో వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి టొలెడో ‘మీతా’ అనే వెట్టిచాకిరీని కట్టుదిట్టం చేశాడు. ఎంపిక చేసిన జిల్లాల్లో వయసొచ్చిన మగవాళ్లలో ఏడో వంతు మంది వంతులవారీగా గనులకు వెళ్లాల్సిందే. తవ్విన రాయిని పిండి చేసి, ఉప్పూ పాదరసమూ కలిపి, ఆ బురదను కాళ్లతో తొక్కేవారు. తర్వాత కాచి పాదరసాన్ని ఆవిరి చేస్తే వెండి మిగిలేది. ఆ విషపు ఆవిరి పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది.

1812లో మీతా రద్దయింది. దాని దెబ్బ మాత్రం మానలేదు. మీతా జిల్లాలు నేటి పెరూలోనూ ఉండేవి. ఆర్థికవేత్త మెలిస్సా డెల్, పెరూలో ఆ జిల్లాల పాత సరిహద్దుకు ఇరువైపులా ఉన్న ఊళ్లను పోల్చి, 2010లో అధ్యయనం ప్రచురించారు. మీతా ఊళ్లలో కుటుంబాల వినియోగం దాదాపు పావువంతు తక్కువని తేలింది. పిల్లల్లో ఎదుగుదల లోపం ఎక్కువ, మంచి రోడ్లు తక్కువ. రోడ్లు లేకపోతే పండిన పంట సంతకు చేరదు, చేతికి డబ్బు రాదు.

పొటోసీలో నేటికీ గని కార్మికులు తగరం, జింకు, మిగిలిన కాస్త వెండి కోసం అదే కొండను తవ్వుతున్నారు. శిఖరం కుంగుతుండటంతో 2014లో యునెస్కో పొటోసీని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.