రామరాజు గారి తిరుగుబాటు – ఉద్యోగం చేసిన మనం

(అల్లూరి సీతారామరాజు వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



సీతారామరాజు గారి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నర్సీపట్నంలో పుట్టి పెరిగినవారికి ఆయన కథ నేను చెప్పాలా? తాతల నోట విన్నాం. 1974లో కృష్ణ గారి సినిమా ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. అందుచేత కథ జోలికి ఎక్కువ వెళ్లను. ముప్పైమూడేళ్లు రెవిన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి కనుక ఆ వైపు నుంచి ఒక్క సంగతి మనవి చేస్తాను.

ఈ తిరుగుబాటుకు పెద్ద కారణాలు పుస్తకాల్లో ఉన్నాయి. 1882 నాటి అటవీ చట్టం పోడుకు అడ్డం వచ్చింది. కల్లు మీద ఆంక్షలు వచ్చాయి. ముఠాదార్ల పెత్తనం పోయింది. ఇవన్నీ నిజమే. కాని మన ఊరి మనిషికి అర్థమయ్యే కారణం ఇంకొకటి ఉంది. అదే నర్సీపట్నం నుంచి లంబసింగికి వేసిన రోడ్డు. ఆ పని గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చేతిలో ఉండేది. మన శాఖవాడే! కొండవాళ్ల చేత చాకిరీ చేయించి, ఆరణాల కూలీ అని చెప్పి అణా చేతిలో పెట్టేవాడని, అడిగినవాణ్ణి కొరడాతో కొట్టించేవాడని చెబుతారు. బట్టిపనుకుల గాం గంటందొర మునసబు పని పోగొట్టుకున్నదీ ఈయన వల్లనే.

అయ్యా, రావలసిన డి.ఏ. బకాయి ఒక్క విడత ఆలస్యమైతే మనం ఎన్ని మహజర్లు పెడతాం! చేసిన పనికి డబ్బు రాకపోతే కడుపులో ఎలా ఉంటుందో ఈ సభలో ఒకరు చెప్పనక్కరలేదు. రామరాజు గారూ మొదట చేసింది అదే. బాస్టియన్ మీద పైవారికి ఫిర్యాదు పంపారు. దానికి జవాబు లేదు. సరిగదా, ఫిర్యాదు చేసిన మనిషి మీదనే నిఘా పెట్టారు. అర్జీకి జవాబు ఇవ్వకపోవడం మనకు చిన్న విషయంగా కనిపించవచ్చు.

అదే కాలంలో, అదే ప్రభుత్వంలో ఇంకొక అధికారి ఉన్నారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ గారు. ఆయన రామరాజు గారి మాట విని, పైడిపుట్టలో 30 ఎకరాల భూమి ఇప్పించారు. ఆ చట్టాలే, ఆ కాగితాలే, ఆ దొరతనమే. నా మట్టుకు నాకు, చట్టం అలా ఉంది మేమేం చేస్తాం అనే మాట వచ్చినప్పుడల్లా ఈ ఇద్దరూ పక్కపక్కన గుర్తుకొస్తారు.

తర్వాతవి మీకు తెలిసినవే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు దోచారు. తీసుకున్న తుపాకులకు రికార్డులో రాసి సంతకం చేసి మరీ వెళ్లారంటారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డు, హైటరు అనే తెల్ల అధికారులు చనిపోయారు. ముందు నడుస్తున్న మన దేశపు పోలీసులను పోనిచ్చి, తెల్లవారినే గురిపెట్టారు. జీతానికి పనిచేసే చిన్న ఉద్యోగి వేరు, దొరతనం వేరు అని ఆయనకు తెలుసు. ఈ మాట మన సంఘంలో చెప్పుకోదగ్గది. 1924లో అస్సాం రైఫిల్సు దిగాయి. 1924 మే 7న కొయ్యూరులో రామరాజు గారిని కాల్చి చంపారు. కృష్ణదేవిపేటలో సమాధి అయ్యారు.

ఇక్కడ ఒక చిన్న ఫిర్యాదు నాది. 1986లో తపాలా బిళ్ల వేశారు, 2022 ఏప్రిల్‌లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు, అదే ఏడు జూలై 4న భీమవరంలో 30 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. చాలా సంతోషం. కాని ఆయన వెంట నడిచిన కొండవాళ్ల మాటేమిటి? రామరాజు గారి తలకు పదివేలు వెల కట్టిన ప్రభుత్వం గంటందొర, మల్లుదొర తలలకు చెరో వెయ్యి కట్టింది. రామరాజు గారు పోయిన నెలకు, జూన్‌లో గంటందొర పోరాడుతూ చనిపోయారు. తమ్ముడు మల్లుదొరకు ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని అండమాను ప్రవాసంగా మార్చారు. ఆయన తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు! ఉరికంబం దాకా వెళ్లిన కొండదొర ఢిల్లీలో పార్లమెంటు సభ్యుడిగా కూర్చున్నాడు. మన మనవల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? ఇంటికి వెళ్లి అడిగి చూడండి.

ఇక చివరగా ఒక విన్నపం. ప్రత్యేక సంచికలో రామరాజు గారి ఫొటోతోబాటు గాం సోదరుల పేర్లూ వేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇంకొకటి. మీ తాతలూ ముత్తాతలూ ఎవరైనా ఆ లంబసింగి రోడ్డు పనికి వెళ్లి ఉంటే, ఇంట్లో చెప్పుకున్న మాటలు ఏవైనా మిగిలి ఉంటే, కార్యదర్శి గారికి తెలియజేయండి. రాయలేనివారు కబురు పంపితే నేనే మీ ఇంటికి వచ్చి రాసుకుంటాను. సెలవు.