సుత్తి త్రోవ, చేతి త్రోవ

కమ్మరి సుత్తి వేయుచుండగా చూచినచో, ప్రతి దెబ్బకును చేయి ఒకే త్రోవను పోవుచున్నట్లు మనకు తోచును. నిజమేనా? 1920 దశాబ్దమున మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ దీనిని పరీక్షించెను. సరియైన కదలిక యేదో తేల్చి, దానినే కార్మికులందరికిని అలవరుపవలెనని ఆ సంస్థ ఆశయము.

ఆరితేరిన పనివాని కీళ్లకును సుత్తికిని ఆయన చిన్న విద్యుద్దీపములు అమర్చి, వాని వెలుగుజాడలను ఛాయాచిత్రములు తీసెను. సుత్తితల పోవు త్రోవ ఇంచుమించు మారలేదు. కీళ్ల కదలిక మాత్రము ఏ రెండు దెబ్బలకును ఒక్కటిగా లేదు! భుజము రవంత తప్పినచో మోచేయి సర్దుకొనుచున్నది. అట్లయిన అందరికిని అలవరుపదగిన ఆ ఒక్క కదలిక యెక్కడిది? ఇంద్రియములు తెచ్చు వార్తను బట్టి మెదడు క్షణక్షణమును కదలికను దిద్దుచుండునని ఆయన నిర్ణయించెను. ఒంటికాలిపై నిలిచి చూతము: కదలకున్నామని మనమనుకొందుము గాని, చీలమండ ఊరకుండదు.

ఈ విషయమై 1947లో వెలువడిన ఆయన గ్రంథమునకు మరుసటి యేట స్టాలిన్ బహుమానము లభించెను. అంతలోనే, 1950 ప్రాంతమున, పావ్లోవ్ సిద్ధాంతమునకు విరోధియను నింద వచ్చి ఉద్యోగము పోయెను. ప్రయోగమునకు ప్రయోగమే బదులు కావలెను గాని నింద కారాదని మా అభిప్రాయము. ఆయన వ్రాయుట మానలేదు. 1966లో మరణించెను, వ్యాసముల ఆంగ్లానువాదము 1967లో వెలువడినది.