బిడ్డకు టికెట్టు, తల్లికి వీసా

మాస్టారి పేరిట మాట్లాడమన్నందుకు కృతజ్ఞురాలిని. ఆయన గెలిచిన కేసులు మీకే బాగా తెలుసు. నాకు గుర్తున్నది ఒక్కటే. బోరబండ సైట్-3లో ఆయన ఇంటికి కస్టడీ కాగితాలతో ఎవరొచ్చినా, కట్ట విప్పకముందే "పిల్ల రాత్రిళ్లు ఎవరి పక్కన పడుకుంటోందమ్మా?" అని అడిగేవారు. నా పేచీ ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

తల్లో తండ్రో వేరే దేశానికి తీసుకెళ్లిపోయిన పిల్లల్ని వెనక్కి పంపే 1980 నాటి హేగ్ ఒడంబడికలో మనం చేరలేదు. చేరమని 2009లో లా కమిషన్ 218వ నివేదిక చెప్పింది. ఆ చర్చ మీరు విన్నదే, వదిలేస్తున్నాను. కక్షిదారుల పేర్లూ ఎత్తను; ఆ పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు.

సియాటెల్ కోర్టు ఉత్తర్వును కాదని తల్లి తెచ్చిన బిడ్డను వెనక్కి పంపమన్న మన హైకోర్టు మాటను 2013లో సుప్రీంకోర్టు నిలబెట్టింది (15 ఎస్‌సీసీ 790). 2017లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, బిడ్డ క్షేమమే ముఖ్యం, విదేశీ ఉత్తర్వు చూడవలసిన వాటిలో ఒకటి మాత్రమే అంది (8 ఎస్‌సీసీ 454). 2019లో సుప్రీంకోర్టే పెన్సిల్వేనియా నుంచి హైదరాబాదు వచ్చిన ఇద్దరు పిల్లల్ని మళ్లీ అమెరికా పంపమంది (7 ఎస్‌సీసీ 311). ఈ చివరి రెంటికీ పొంతన లేదంటారు. నేనొప్పుకోను. ఆ తల్లే ముందు పెన్సిల్వేనియా కోర్టుకెక్కింది. పిల్లలు అమెరికా పౌరులు. క్షేమం చూసే పంపారు. చూడనిది తల్లి దారి.

విదేశం వెళ్లమని తల్లిని బలవంతపెట్టలేమని 2022లో అదే కోర్టు చెప్పింది. మంచిమాటే. వెళ్తానన్న తల్లి మాటేమిటి? హెచ్-4 వీసా భర్త హెచ్-1బి మీద నిలబడేది; విడాకులైతే పోతుంది. బోరబండ తర్వాతి రైల్వేస్టేషన్ హైటెక్ సిటీ. అమెరికా సంబంధం మన ఆడపిల్లలకు అంత దగ్గర, ఆ వీసా అంత బలహీనం. టికెట్టు ఖర్చు భర్త పెట్టాలని మూసీ ఒడ్డున హైకోర్టు రాయగలదు. వీసా ఇవ్వాల్సింది నానక్‌రామ్‌గూడ కాన్సులేట్.

"ఇలాగైతే ప్రతి తల్లీ వీసా సాకుతో బిడ్డను అట్టిపెట్టుకుంటుంది" అంటారు. ఫోనులో మాత్రమే బిడ్డను చూసుకునే తండ్రి దుఃఖం నేనెరుగుదును. పంపొద్దనడం లేదు. తల్లి చేతికి వీసా వచ్చాక, మన షరతుల్నే అక్కడి కోర్టూ ఉత్తర్వుగా ఇచ్చాక పంపమంటున్నాను.

అదీ చాలదని 2020 నాటి కెన్యా కేసు నేర్పింది. నైరోబీ కోర్టు నుంచి అలాంటి ఉత్తర్వు తెమ్మని, కోటి రూపాయలు డిపాజిట్ చేయించి, సుప్రీంకోర్టు బాలుణ్ణి తండ్రికి అప్పగించింది. తండ్రి మోసం చేశాడని తేల్చి 2021లో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. అప్పటికి బాలుడు కెన్యాలో ఉన్నాడు.

బిడ్డ కోసం కోర్టులో వేసే హెబియస్ కార్పస్ ఫైలు, బిడ్డ విమానమెక్కగానే మూతపడుతుంది. ఆ తర్వాతి సంగతి అందులో ఉండదు కనుక నేను రాస్తున్నాను. మోతీనగర్, ఎర్రగడ్డ, కూకట్‌పల్లిలో అమ్మమ్మల్నీ నానమ్మల్నీ అడిగి రాసుకున్నవి రెండు నోటుపుస్తకాలయ్యాయి. మీలో ఎవరింట్లోనైనా అలాంటి కేసుంటే, పేర్లొద్దు. ఉత్తర్వు నకలు, పిల్ల వెళ్లిన తేదీ, తల్లి మళ్లీ చూసిన తేదీ ఇవ్వండి చాలు. సభయ్యాక గుమ్మం దగ్గరే ఉంటాను.