క్రెడిట్ కార్డు ఇస్తామంటే: సంతకానికి ముందు వేసుకోవలసిన లెక్క
(యు.ఎ.ఇ.లోని తెలుగు కార్మికుల సంక్షేమ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దేశానికి వచ్చి, జీతం క్రమంగా బ్యాంకులో పడడం మొదలైన కొన్నాళ్ళకు చాలామందికి ఒక ఫోను వస్తుంది. "సార్, మీకు క్రెడిట్ కార్డు అప్రూవ్ అయింది. మొదటి సంవత్సరం ఫ్రీ. ఒక్క సంతకం చేస్తే చాలు" అంటారు. కొన్నిసార్లు ఏజెంటు మాల్‌లో టేబుల్ వేసుకుని కూర్చుంటాడు, లేదా మన రూము దాకా వస్తాడు. రోజంతా ఫోర్‌మన్ కేకలు విన్న మనిషికి ఆ "సార్" అనే పిలుపు కూడా బాగానే ఉంటుంది.

కార్డు తీసుకోవడమే తప్పు అని చెప్పడానికి నేను రాలేదు. సరిగా వాడితే అది ఉపయోగపడే వస్తువే. అయితే కాంట్రాక్టు మీద పనిచేసే మనిషికి దానిలో ఉన్న ప్రమాదం వేరు. ఆ లెక్క ఏజెంటు చెప్పడు కాబట్టి మనమే వేసుకుందాం.

జీతం కార్డు వేరు, క్రెడిట్ కార్డు వేరు

కంపెనీ మీ జీతాన్ని వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ద్వారా వేస్తుంది. ఈ పద్ధతి ఇక్కడ 2009లో మొదలైంది. జీతం కార్డుతో మీరు ఏటీఎం నుంచి తీసేది మీ చెమట డబ్బు. క్రెడిట్ కార్డు గీకితే వచ్చేది బ్యాంకు డబ్బు. "మీ లిమిట్ 8,000 దిర్హాములు" అంటే మీకు 8,000 ఇచ్చారని కాదు, 8,000 దాకా అప్పు చేసుకోవచ్చని అర్థం. చూడడానికి రెండు కార్డులూ ఒకేలా ఉంటాయి కాబట్టి మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

మన ఊరి లెక్కలో వడ్డీ ఎంత?

మన ఊళ్ళలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటాం. మూడు రూపాయల వడ్డీ అంటే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు, ఇంట్లో వాళ్ళను అడుగుతారు. ఇక్కడి క్రెడిట్ కార్డుల్లో చాలావాటి వడ్డీ నెలకు నూటికి మూడు దరిదాపుల్లో, కొన్నింటికి అంతకంటే ఎక్కువగా ఉంటుంది. ఏజెంటు "త్రీ పర్సెంట్ మాత్రమే సార్" అంటే అది నెల వడ్డీ. ఏడాదికి 36. ఊళ్ళో వద్దనుకునే వడ్డీని ఇక్కడ ఫోనులో సరే అనేస్తున్నాం.

అయితే వడ్డీ లేకుండా వాడుకునే దారి కూడా ఉంది. కార్డుతో సామాను కొని, బిల్లులో ఉన్న మొత్తాన్ని గడువు తేదీలోపు పూర్తిగా కట్టేస్తే వడ్డీ పడదు. కొన్న రోజును బట్టి ఇది 50 రోజుల దాకా కూడా ఉండవచ్చు. కానీ బిల్లులో కొంత మిగిల్చినా ఆ వెసులుబాటు పోతుంది. చాలా బ్యాంకులు అప్పుడు కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క కడతాయి.

బిల్లు మీద "మినిమమ్ పేమెంట్" అని చిన్న అంకె ఉంటుంది. మనవాళ్ళను ఎక్కువగా ముంచేది ఇదే. ఒక ఉదాహరణ చూడండి. ఒకతను చెల్లెలి పెళ్ళి కోసం కార్డు మీద 4,000 దిర్హాములు వాడాడనుకుందాం. వడ్డీ నెలకు నూటికి 3, మినిమమ్ నూటికి 5 అనుకుందాం. మొదటి నెల అతను 200 కడతాడు. అందులో 120 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 80 మాత్రమే. ఇలాగే ఏడాదంతా, ఒక్క నెల కూడా తప్పకుండా, ఇంకేమీ కొనకుండా కడితే అతను చెల్లించేది సుమారు 2,150 దిర్హాములు. అయినా ఏడాది చివర అప్పు ఇంకా సుమారు 3,140 ఉంటుంది. అంటే 1,290 దాకా వడ్డీకే పోయింది. ఒక్క నెల గడువు దాటితే ఆలస్యపు రుసుము దీనికి అదనం.

ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీయడం ఇంకా ఖరీదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా ప్రతిసారీ విడిగా ఫీజు ఉంటుంది. "మీ కార్డు మా మెషిన్‌లో గీకండి, కమీషన్ పట్టుకుని నగదు ఇస్తాం" అనే దుకాణాల జోలికి అసలు పోవద్దు. ఒక కార్డు బిల్లు కట్టడానికి ఇంకో కార్డు గీకడం అంటే గోతిలో మట్టి తీసి గొయ్యి పూడ్చినట్టే.

"ఫ్రీ" అనే మాట మొదటి సంవత్సరానికే వర్తించవచ్చు. రెండో సంవత్సరం కార్డు వాడకపోయినా ఫీజు పడవచ్చు, అది కట్టకపోతే దాని మీదా వడ్డీ పెరుగుతుంది. కార్డుతో పాటు "క్రెడిట్ షీల్డ్" పేరుతో ఇన్సూరెన్సు కూడా అంటగడతారు. అది కావాలో వద్దో ముందే చెప్పే హక్కు మీకు ఉంది.

మీ వీసాకు తేదీ ఉంది, అప్పుకు లేదు

మన పరిస్థితికి అసలు కీలకం ఇది. మీ కాంట్రాక్టు ఒక రోజు ముగుస్తుంది. కంపెనీకి ప్రాజెక్టు దొరక్కపోయినా, ఆరోగ్యం దెబ్బతిన్నా, అంతకంటే ముందే ముగియవచ్చు. ఉద్యోగం పోయిన మరుసటి నెల కూడా కార్డు బిల్లు వస్తుంది. కంపెనీ నుంచి చివరి సెటిల్‌మెంటు, గ్రాట్యుటీ డబ్బు అదే బ్యాంకులో పడితే బ్యాంకు తన బాకీ కోసం దాన్ని ఆపవచ్చు. ఇంటికి తీసుకెళ్దామనుకున్న డబ్బు అక్కడే నిలిచిపోతుంది.

కార్డు ఇచ్చేటప్పుడు బ్యాంకు సెక్యూరిటీ చెక్కు మీద సంతకం తీసుకుంటే అదీ గుర్తుంచుకోండి. 2022 జనవరి 2 నుంచి ఇక్కడి చట్టం మారింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు బౌన్సు కావడం చాలా సందర్భాల్లో ఇప్పుడు క్రిమినల్ కేసు కాదు. "ఇక భయం లేదు" అని కొందరు ప్రచారం చేస్తున్నారు. అది సగం నిజమే. బౌన్సయిన చెక్కుతో బ్యాంకు నేరుగా ఎగ్జిక్యూషన్ కోర్టుకు వెళ్ళవచ్చు. బాకీ 10,000 దిర్హాములు లేదా అంతకు మించి ఉంటే ప్రయాణ నిషేధం కోరవచ్చు. ఊళ్ళో తల్లికి బాగోలేదని కబురు వచ్చి, టికెట్ కొనుక్కుని, ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ దగ్గర ఆగిపోవలసి వస్తే ఆ బాధ ఏ డిస్కౌంటుతోనూ తీరదు.

"ఇంటికి వెళ్ళిపోతే ఎవరు పట్టుకుంటారు?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. 2020 జనవరిలో భారత ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం యు.ఎ.ఇ. కోర్టులు ఇచ్చిన సివిల్ తీర్పులను మన దేశంలోని జిల్లా కోర్టుల ద్వారా అమలు చేయించవచ్చు. అంటే అప్పు విమానం ఎక్కి మీ వెనకే రాగలదు. మళ్ళీ గల్ఫ్‌కు రావాలనుకున్నప్పుడు పాత కేసు అడ్డం పడుతుంది. ఇక్కడి క్రెడిట్ బ్యూరోలో కూడా మీ చెల్లింపుల రికార్డు ఉంటుంది.

తీసుకునే ముందు అయిదు ప్రశ్నలు

1. ఇది దేనికి? టికెట్టు కొనడం, ఆన్‌లైన్ చెల్లింపు వంటి వాటికైతే జీతం కార్డో, డెబిట్ కార్డో సరిపోదా?
2. ప్రతి నెలా మొత్తం బిల్లు కట్టగలనా? ఇంటికి పంపేది, మెస్ ఖర్చు పోగా నెలకు ఎంత మిగులుతుందో కాగితం మీద రాయండి. ఆ మిగులు కంటే ఎక్కువ కార్డు మీద వాడకూడదు.
3. రేపు ఉద్యోగం పోతే ఈ బాకీ తీర్చడానికి నా దగ్గర చేతిలో డబ్బు ఉందా?
4. ఊళ్ళో ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా ఉందా? ఉంటే ముందు అది తీరనివ్వండి.
5. వడ్డీ, వార్షిక ఫీజు, ఆలస్యపు రుసుము కాగితం మీద చూశానా? "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" ఇవ్వమని అడగండి. ఆ ఒక్క కాగితంలో ఇవన్నీ ఉండాలి. చదవడం రాకపోతే నమ్మకమైనవాళ్ళతో చదివించుకోండి.

సెంట్రల్ బ్యాంకు నిబంధన ప్రకారం నెలవారీ అప్పుల చెల్లింపులు జీతంలో సగం దాటకూడదు. అది బ్యాంకుకు పెట్టిన హద్దు, మీకు సరిపోయే హద్దు కాదు. 2,500 జీతంలో 1,250 బ్యాంకుకు పోతే ఇంటికి ఏం పంపుతారు?

ఈ అయిదింటికీ జవాబు బాగుంటే, చిన్న లిమిట్‌తో ఒకే ఒక్క కార్డు తీసుకోండి. మొత్తం బిల్లు జీతం ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా రాసివ్వండి. ఒక్క జవాబైనా తడబడితే "వద్దండీ" అని ఫోను పెట్టేయండి. వద్దన్నందుకు మీ ఉద్యోగానికీ, వీసాకూ ఏమీ కాదు.

ఈ పనులు మాత్రం చేయకండి

ఖాళీ ఫారం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. స్నేహితుడి కోసం మీ పేరున కార్డు తీసుకోకండి. అతను ఊరికి వెళ్ళిపోతే బాకీ మీ మెడకే చుట్టుకుంటుంది. జీతం ఎక్కువ చూపించే దొంగ సర్టిఫికెట్ చేయిస్తామంటే ఒప్పుకోకండి, అది నేరం. ఫోనులో ఓటీపీ అడిగినవాడు తాను బ్యాంకువాడినని ఎంత చెప్పినా సరే, చెప్పకండి.

ఇప్పటికే బాకీలో ఉన్నవాళ్ళకు

ముందు కార్డు వాడడం ఆపండి. కిస్తీ తప్పక ముందే బ్యాంకుకు వెళ్ళి, బాకీని స్థిరమైన నెలవారీ వాయిదాలుగా మార్చమని అడగండి. ఒప్పుకున్నది రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాంకు తీరు అన్యాయంగా ఉందనుకుంటే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే "సనదక్" అనే సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. మీ మీద కేసు ఉందేమో అనుమానం ఉంటే సెలవు టికెట్ కొనకముందే విచారించుకోండి.

కార్డు వద్దనుకుంటే కత్తెరతో ముక్కలు చేసినంత మాత్రాన అది రద్దు కాదు. బాకీ కట్టి, రద్దు చేయమని రాసిచ్చి, బాకీ లేదనే క్లియరెన్స్ లెటర్ తీసుకోండి. ఎగ్జిట్ మీద వెళ్ళేవాళ్ళు ఆ లెటర్‌ను పాస్‌పోర్టుతో పాటు భద్రపరచుకోవాలి.

ఎంబసీ మీ బ్యాంకు అప్పు తీర్చదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. కానీ ఏ కాగితం మీద ఏముందో అర్థం చేసుకోవడానికి, ఎవరిని కలవాలో తెలుసుకోవడానికి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. టోల్ ఫ్రీ నంబరు 800 46342. సంతకం పెట్టాక చేసే ఫోను కంటే, పెట్టకముందు చేసే ఫోను మీకు ఎక్కువ మేలు చేస్తుంది. ఇప్పుడు ఎవరి దగ్గరైనా కార్డు ఫారం గానీ, బిల్లు గానీ ఉంటే ముందుకు తీసుకురండి, కలిసి చూద్దాం.